నక్షత్రకుడి కాళ్ళ నొప్పులు

లోహితాస్యుడు ఫోన్ చేశాడు, అదే, పదో తరగతిలో మనం వేసిన హరిశ్చంద్ర నాటకంలో ఆ వేషం వేసినవాడు. మన బడి బ్యాచ్ సమ్మేళనం కమిటీలో సంచిక పని వాడిదేనట. "నువ్వు రాయకపోతే ఎలారా, మన బ్యాచ్‌లో టీవీలో కనపడేది నువ్వొక్కడివే" అన్నాడు. వ్యాసం రెండు పేజీలు దాటకూడదు, పాస్‌పోర్టు ఫోటో పంపాలి, వీలుంటే ఒక ప్రకటన ఇప్పించాలి, కలర్ పేజీకి రేటు వేరే. ఇదంతా ఒకే గుక్కలో చెప్పేశాడు. పాము కరిచి పడిపోయే సీనులో కూడా వీడు ఇలాగే ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాడని మీకు గుర్తుండే ఉంటుంది.

రెండు పేజీల్లో ఐదేళ్ళు పట్టవు. అందుకని ఆరు నుంచి తొమ్మిది దాకా వదిలేస్తున్నాను. ఇంగ్లీషు మాస్టారి సైకిలు, డ్రిల్లు మాస్టారి ఈల, వెనక గోడ దూకి నాజ్ సెంటర్‌కి పోయిన సంగతులు మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. లెక్కల క్వార్టర్లీ గురించి ఎవరైనా రాసేట్టయితే నా పేరు తీసేయమని మనవి. నాకు నిలిచిపోయింది పదో తరగతి, అందులోనూ వార్షికోత్సవానికి ముందు నెల, అందులోనూ సాయంత్రం బడి వదిలాక డ్రాయింగ్ రూములో జరిగిన వ్యవహారం. 1979 బ్యాచ్ అంటే నా మటుకు అదే.

తెలుగు మాస్టారు హరిశ్చంద్ర వేద్దామన్నారు. హరిశ్చంద్రుడెవరో చెప్పక్కర్లేదు, వన్స్‌మోర్‌గాడు ఉండగా ఆ కిరీటం ఇంకొకడి నెత్తిన ఎందుకు పెడతారు? చిక్కంతా చంద్రమతి దగ్గరే వచ్చింది. మనవాడికి అప్పుడప్పుడే నూనూగు మీసం వస్తోంది. రోజూ అద్దంలో చూసుకుని మురిసిపోతున్న రోజులు. తీయమంటే ససేమిరా అన్నాడు. మాస్టారు వాణ్ణి కూర్చోబెట్టి ఎన్టీ రామారావు గారి కథ చెప్పారు. బెజవాడ కాలేజీలో చదివేటప్పుడు విశ్వనాథ సత్యనారాయణ గారు ఆయన చేత నాగమ్మ వేషం వేయించారనీ, ఆయన మీసం తీయనని ఆ మీసంతోనే స్టేజీ ఎక్కాడనీ, మీసాల నాగమ్మ అని పేరు పడిందనీ. అంతటివాడే ఆడవేషం వేశాడు, నీకేం పరువు తక్కువ అని మాస్టారి ఉద్దేశం. చంద్రమతికి ఆ కథలో మీసం ఒక్కటే వినపడింది. "రామారావు గారే తీయలేదు కదండీ" అన్నాడు. మాస్టారు చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత పౌడరు డబ్బా తెప్పించారు. ఆ పౌడరు సంగతి నేను రాయను. వాడు బ్యాంకు మేనేజరుగా రిటైరై మనవళ్ళతో ఉన్నాడు, వాడే రాసుకోవాలి.

నాకు నక్షత్రకుడు వచ్చింది, బాకీ వసూలుకని విశ్వామిత్రుడు హరిశ్చంద్రుడి వెంట పంపిన శిష్యుడి వేషం. రావడమేమిటి, మిగిలింది. నాకు విశ్వామిత్రుడు కావాలి, గడ్డం ఉంటుంది, కోపం ఉంటుంది. గొంతు చీలిపోయే వయసులో నాది మరీ పగిలింది, పద్యం ఎత్తుకుంటే కుక్కలు లేచేవి. "నీకు పద్యాలు తక్కువున్నది ఇస్తాను" అన్నారు మాస్టారు. నేను మొహం మాడ్చుకుంటే బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సంగతి చెప్పారు. ఆయన మన గుంటూరులోనే పంతులుగా చేశారట. ఈ హరిశ్చంద్ర నాటకం అంతా తానే రాసుకుని, తాను వేసుకున్నది మాత్రం నక్షత్రకుడి వేషం. "రాసినవాడు హరిశ్చంద్రుణ్ణి వేరేవాళ్ళకు వదిలి దీన్ని ఉంచుకున్నాడంటే ఇందులో ఏదో ఉందన్నమాట. అదేమిటో వెతుక్కో" అన్నారు.

అప్పటిదాకా మనం చూసిన నక్షత్రకులంతా పిలక ఎగరేసి గంతులేసేవాళ్ళే. నేనూ మొదటిరోజు అలాగే గెంతాను. మీరంతా నవ్వారు. మాస్టారు నవ్వలేదు.

"అయోధ్య నుంచి కాశీకి ఎలా వచ్చావురా?"

"నడిచి వచ్చానండీ."

"హరిశ్చంద్రుడో?"

"ఆయనా నడిచేనండీ."

"మరి ఆయన కాళ్ళకేనా బొబ్బలు? నీవేమైనా ఇనప కాళ్ళా? అప్పున్నవాడు ఎంత నడిచాడో వసూలుకొచ్చినవాడూ అంతే నడిచాడు. పైగా అది వీడి బాకీ కాదు, వీడికి అందులో దమ్మిడీ రాదు. గురువు పొమ్మంటే వచ్చాడు. ఎక్కడ నొప్పి పుడుతుందో కనుక్కుని రేపు రా."

ఆ సాయంత్రం చెప్పులు చేత్తో పట్టుకుని లాడ్జి సెంటర్ దాకా పోయి, అరండల్‌పేట అంతా తిరిగి బ్రాడీపేటలో మా ఇంటికి చేరాను. నొప్పి మడమలో పుడుతుందనుకున్నాను. కాదు, బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండే కండ ఉంటుంది చూశారా, మొదట అక్కడ మంట. దాన్ని నేలకు ఆనించకూడదని పాదం పక్కకు వాలుస్తాం. అప్పుడు పిక్క పట్టేస్తుంది. పిక్క పట్టేశాక మనిషికి ఎవరి మీదనో ఒకరి మీద కోపం వస్తుంది. మర్నాడు అలా వాలుస్తూ నడిచి వచ్చి, హరిశ్చంద్రుడి మీద విసుక్కుంటూ మొదటి మాట అన్నాను. మాస్టారు "ఊఁ" అన్నారు. ఆయన ఊఁ అంటే ఏమిటో మీకు తెలుసు. పరీక్ష పేపరు మీద కూడా అంతకంటే రాసేవారు కాదు.

తర్వాత సుద్దముక్కతో నేల మీద సున్నా గీసి నన్ను అందులో నిలబెట్టారు. వన్స్‌మోర్‌గాడు పద్యం ఎత్తుకుంటాడు, రాగం తీస్తాడు, తీస్తూనే ఉంటాడు. పద్యనాటకంలో పక్కవాడి అవస్థ చూసినవాడికి తెలుస్తుంది. చెయ్యడానికి ఏమీ ఉండదు, పోవడానికి లేదు. పద్యం అయ్యాక మాస్టారు నన్ను అడిగేవారు, "వాడేమన్నాడు?" నేను ఆఖరి పాదం గడగడా చెప్పేవాణ్ణి. "మాటలు నాకూ వచ్చులే. ఏ మాట దగ్గర నీకు ఒళ్ళు మండింది? ఏ మాట దగ్గర పోనీలే పాపం అనిపించింది?" జవాబు లేకపోతే పద్యం మళ్ళీ మొదలు. హార్మోనియం ఆయనకి విసుగొచ్చి బీడీ కాల్చుకోవడానికి వెళ్ళిపోతే ఉత్త గొంతుతోనే సాగేది.

మాస్టారికి గుమ్మడి గారంటే పిచ్చి అని అందరికీ తెలుసు. 1955లో వచ్చిన అర్ధాంగి ఆయన పాఠంలో ఎక్కడో ఒక చోట తగిలేది. అందులో గుమ్మడి, అక్కినేనికీ జగ్గయ్యకీ తండ్రి. అప్పటికి ఆయనకింకా ముప్పై నిండలేదు, అక్కినేని ఆయనకంటే వయసులో పెద్ద. ఇక గుమ్మడి, జగ్గయ్యలవి తెనాలి చుట్టుపక్కల ఊళ్ళే. "పక్క పక్క ఊళ్ళవాళ్ళు, ఒకే ఈడువాళ్ళు, ఒకడు తండ్రి ఒకడు కొడుకు. జనం నమ్మారు. ఎలా నమ్మారు?" అని అడిగి తానే జవాబు చెప్పకుండా సంధులకు వెళ్ళిపోయేవారు. గుమ్మడి తిమ్మరుసుగా వేసిన మహామంత్రి తిమ్మరుసు సినిమా మళ్ళీ ఆడుతుంటే మా నలుగురినీ తన డబ్బుతో తీసుకెళ్ళారు. రాయలుగా రామారావు మాట్లాడుతుంటే అందరం ఆయన్నే చూస్తాం కదా. మాస్టారు చీకట్లో మా భుజాలు పొడిచేవారు. "తిమ్మరుసు మొహం చూడండిరా, తిమ్మరుసు మొహం."

వార్షికోత్సవం నాడు వన్స్‌మోర్‌గాడి మేనమామలు ముందు వరసలో కూర్చున్నారు. వారణాసి సీనులో వాడు పద్యం పూర్తి చేయగానే వన్స్ మోర్ అన్నారు. మళ్ళీ పాడాడు. మళ్ళీ వన్స్ మోర్. ఒకసారి విని నొచ్చుకున్న మనిషి అదే పద్యం ఇంకోసారి వింటే ఏం చేస్తాడు? ఇది మాస్టారు నేర్పలేదు. నేను నేల మీద చతికిలబడి, కాలు ఒళ్ళో పెట్టుకుని, ఆ బొటనవేలి కింద కండ నొక్కుకుంటూ విన్నాను. జనం గొల్లుమన్నారు. ఆ నవ్వు తగ్గాక ఆడవాళ్ళు కూర్చున్న వైపు నుంచి ఒకావిడ "అయ్యో, వీడూ నడిచొచ్చినవాడేగా" అనడం స్టేజీ మీదికి వినపడింది. నాకు ఇప్పటిదాకా వచ్చిన సమీక్షల్లో అదే పెద్దది.

కాటి సీనులో జాషువా గారి పద్యాలకు హెడ్మాస్టారు కళ్ళు తుడుచుకున్నారని మీరంటారు. నేను చూడలేదు, గ్రీన్ రూములో గోచీ ఊడిన వీరబాహుడికి పిన్నీసులు పెడుతున్నాను. తెర పడ్డాక మాస్టారు వచ్చి, "కాలు నొక్కుకోవడం బాగుంది. మూడోసారి ఎక్కువ చేశావు" అని వెళ్ళిపోయారు.

ఇక ఆ తర్వాత జీవితం. ఆంధ్రా క్రిస్టియన్ (ఏసీ) కాలేజీలో డిగ్రీ, కరెంటాఫీసులో గుమాస్తా ఉద్యోగం, పెళ్ళి, ఇవన్నీ అందరికీ జరిగినట్టే జరిగాయి. రాత్రిళ్ళు పరిషత్తు పోటీల నాటికలు. చిలకలూరిపేట, పొన్నూరు, మార్టూరు, ఎక్కడ పందిరి వేస్తే అక్కడికి. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టింది మన తెనాలిలోనే అని మా డైరెక్టరు ప్రతి బస్సులోనూ చెప్పేవాడు, పక్క సీటువాళ్ళు వినక చస్తారా. తెల్లవారుజామున బస్సు దిగి నేరుగా ఆఫీసుకు పోయి సంతకం పెట్టేవాణ్ణి. గడ్డం అంటించిన స్పిరిట్ గమ్ చెవుల దగ్గర ఇంకా జిగటగా ఉండేది. బిల్లు కట్టడానికి వచ్చినవాళ్ళు అదేదో చర్మవ్యాధనుకుని నోట్లు దూరం నుంచి అందించేవారు.

విజయవాడ రేడియోకి ఆడిషన్ ఇచ్చి నాటకాల్లో గ్రేడు తెచ్చుకున్నాను. అక్కడ కాళ్ళూ లేవు, మొహమూ లేదు. స్క్రిప్టు కాగితాలు పిన్ను తీసేసి విడివిడిగా పట్టుకోవాలి, చదివిన కాగితం చప్పుడు కాకుండా జారవిడవాలి. మైకు ముందు నలుగురం నిలబడితే మన వంతు కానప్పుడు ఊపిరి కూడా పక్కకు తిప్పి వదలాలి. సుద్ద సున్నాలో నిలబడ్డవాడికి అదేం కష్టం కాలేదు.

సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదు వచ్చేశాక ఉద్యోగానికి వీఆర్ఎస్ పెట్టి నేనూ వచ్చేశాను. కృష్ణానగర్‌లో అద్దె గది. ఏ ఊరని అడిగితే గుంటూరు అనగానే పాత మేకప్‌మేన్‌లు కుర్చీ చూపించేవారు. అది పాత నటుడు ముక్కామల గారి పుణ్యం, శకుని వేసిన ధూళిపాళ గారి పుణ్యం. వేషాలు మాత్రం ఎవరి పుణ్యానా రావు. మేనేజర్ల చుట్టూ తిరగాలి. డాక్టరు, జడ్జి, ప్రిన్సిపాలు, పెళ్ళికూతురి తండ్రి. "మందులు కాదు, దేవుణ్ణి నమ్ముకోండి" అనే డాక్టర్ని ఎన్ని సినిమాల్లో వేశానో నాకే లెక్క లేదు. జడ్జి వేషానికి నొప్పి ఎక్కడో మీరు ఊహించలేరు. మెడ. ఎత్తు మీద కూర్చుని రోజంతా కిందికి చూస్తాడు కదా. ఆర్డర్ ఆర్డర్ అనే ముందు ఓసారి మెడ సవరించుకుంటాను. ఎడిటర్లు అది చాలాసార్లు కోసేశారు, కొన్నింట్లో ఉండిపోయింది.

బయటివాళ్ళకు తెలియని సంగతి ఒకటి. హీరో క్లోజప్ అయ్యేదాకా నేను కెమెరా పక్కన నిలబడి డైలాగులు అందించాలి. నా క్లోజప్ వచ్చేసరికి హీరో కారవాన్‌కి వెళ్ళిపోతాడు. వాడి డైలాగు అసిస్టెంట్ డైరెక్టర్ కుర్రాడు చదువుతాడు, అదీ ఇడ్లీ నములుతూ. లెన్సు పక్కన వాడి పిడికిలి పెట్టి "సార్, హీరో గారి కళ్ళు ఇక్కడ" అంటాడు. ఆ పిడికిలిని చూస్తూ, కూతురి కాపురం కూలిపోయిందని తెలిసిన తండ్రి మొహం పెట్టాలి. ఒకసారి అలాంటి షాటు ఒకే టేకులో ఓకే అయ్యాక ఆ కుర్రాడు ఇడ్లీ పక్కన పెట్టి, "సార్, నిజంగా విన్నారా?" అన్నాడు. విన్నాన్రా అబ్బాయ్, నీకంటే దారుణంగా చదివేవాడి పద్యం నెలరోజులు విన్నాను అని చెప్పాలనిపించింది. వన్స్‌మోర్, కోపం తెచ్చుకోకు.

సీరియల్ గురించి కూడా అడుగుతున్నారు. అందులో నేను మొదట్లోనే గుండెపోటుతో పోయాను. దండేసిన నా ఫోటో మాత్రం హాల్లో ఏళ్ళ తరబడి వేలాడింది. కోడళ్ళు దాని ముందు నిలబడి ఏడ్చారు, కుట్రలు పన్నారు, శపథాలు చేశారు. ఫోటోకి పారితోషికం ఉండదట, అడిగితే నవ్వారు. మా ఆవిడ ఆ టైముకి టీవీ కట్టేసి గుడికి వెళ్ళేది.

ఇప్పుడు యూసఫ్‌గూడలో సొంత ఫ్లాటు ఉంది. అమ్మాయి పిల్లల డాక్టరు, నిజం డాక్టరు. ఇంట్లో ఒక నంది ఉంది, నాటకానిది. పేరు తెలిసి పలకరించేవాళ్ళు తక్కువే. పెళ్ళిళ్ళలో మాత్రం ఎవరో ఒకరు చేతులు పట్టుకుని "బాబాయ్, ఎప్పుడొచ్చారు, పిన్ని రాలేదా?" అంటారు. పొద్దున్నే వచ్చానమ్మా అంటాను. మంచి వరసలో కూర్చోబెట్టి దగ్గరుండి వడ్డిస్తారు. స్టార్లకు ఈ భోగం ఎక్కడిది?

మాస్టారు రిటైరయ్యాక ఓసారి వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలో మా నాటిక చూడటానికి వచ్చారు. చేతికర్ర, మఫ్లర్. ఆఖరి వరసలో కూర్చుని, అయ్యాక గ్రీన్ రూముకి వచ్చారు. అందరూ లేచి నిలబడ్డారు. "వినడం వచ్చింది. చేతులెక్కడ పెట్టుకోవాలో ఇంకా తెలియలేదు" అన్నారు. అప్పటికే నాకు పరిషత్తుల్లో బహుమతులున్నాయి. ఆ రాత్రి ఇంటికెళ్ళి అద్దం ముందు చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. ఆయన చెప్పింది నిజమే, ఎడమ చెయ్యి ఊరికే జేబు వెతుక్కుంటోంది.

సమ్మేళనంలో ఆ వారణాసి సీను మళ్ళీ వేద్దామని కమిటీ అంటోంది. నాకు అభ్యంతరం లేదు, కానీ రెండు ఆదివారాలు రిహార్సలు కావాలి. అమెరికా నుంచి వచ్చేవాళ్ళు వీడియో కాల్‌లో చేస్తామంటే కుదరదు. లోహితాస్యుణ్ణి ఎత్తుకునే పని ఎలాగూ కాటి సీనులోనిది, ఇందులో వాడు నడుస్తాడు, ఆ బరువుకి ఎవరూ భయపడక్కర్లేదు. చంద్రమతికి ఇప్పుడు మీసం తెల్లబడింది కాబట్టి పౌడరు ఖర్చు లేదు. వన్స్‌మోర్‌కి షుగరుంది, పద్యానికీ పద్యానికీ మధ్య కుర్చీ వేయాలి. హార్మోనియం నేను మాట్లాడతాను, తెనాలిలో నాకు తెలిసినాయన ఉన్నాడు, రానూపోనూ ఛార్జీలు, భోజనం కమిటీ చూసుకోవాలి. తేదీ వారం ముందు కాదు, ఇప్పుడే చెప్పండి, మేనేజరుతో మాట్లాడుకోవాలి.