షుగరు తగ్గితే సంతోషించాలన్నారు

"షుగరు తగ్గిందంటే సంతోషించాలి గానీ భయపడతారేమిటమ్మా!"

పోయిన ఏడాది వినాయక చవితి వెళ్ళిన వారానికి, కడపలో మేము ఎప్పుడూ చూపించుకునే క్లినిక్కులో నాతో అన్న మాట ఇది. అన్నది డాక్టరుగారు కాదు, చీటీ చూసి మాత్రలు కట్టి ఇచ్చే ఆయన. పొద్దున పదకొండు దాటితే చేతులు వణుకుతున్నాయి, చెమట పడుతోంది, ఏదైనా నోట్లో వేసుకుంటే గానీ కుదుటపడటం లేదని చెప్పాను. ఆయన నవ్వి, ఆ మాట అని, అవే మాత్రలు మరో నెలకు ఇచ్చారు. నేనూ ఊరుకుని తెచ్చుకున్నాను. పన్నెండేళ్ళుగా నాకు షుగరు. పెరుగుతుంది జాగ్రత్త అన్నవాళ్ళే అందరూ. తగ్గితే ఏమవుతుందో ఒక్కరూ చెప్పలేదు.

కార్తీక మాసం మూడో సోమవారం. ఏటా లాగే తెల్లవారకముందే కడప దగ్గరి పుష్పగిరి వెళ్ళి, పెన్నలో స్నానం చేసి, దీపం వదిలి, వైద్యనాథేశ్వరుడిని చూసుకుని వచ్చాము. చుక్కలు కనిపించేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టను. భోజనం మానాను గానీ మాత్ర మానలేదు. మందు మానకూడదనే కదా అందరూ చెప్పేది! ఆ మాత్రలో మెట్‌ఫార్మిన్ అనే షుగరు మందుతో పాటు గ్లిమెపిరైడ్ కూడా ఉంది. క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ ఎక్కువగా ఊరించే మందు అది. నేను తిన్నానా, పస్తున్నానా అన్నది దానికి అక్కర లేదు. దానికి తోడు మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగిన మాత్రలు నా మూత్రపిండాలను దెబ్బతీస్తున్నాయి. అవి మందగిస్తే గ్లిమెపిరైడ్ ఒంట్లోంచి త్వరగా పోదు. ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు.

సాయంత్రం తులసికోట దగ్గర ఒత్తి వేస్తూ పడిపోయాను. దగ్గరలోని నర్సింగ్ హోముకు తీసుకుపోతే, 70కి తగ్గకూడని షుగరు 34 ఉందట. నరానికి గ్లూకోజు ఎక్కించారు, లేచి కూర్చున్నాను. గంట తర్వాత 160 చూపించింది. "నార్మల్‌కు వచ్చింది, ఇక ఇంటికి తీసుకువెళ్ళండి" అన్నారు. రాత్రికి మళ్ళీ చూసుకోండి అని గానీ, ఈ మందు ప్రభావం ఇంకా పోలేదు అని గానీ ఎవరూ అనలేదు. ఇంటికొచ్చి రెండు ముద్దలు ఉప్మా తిని పడుకున్నాను.

ఆ రాత్రి గురించి రాయడానికే ఇది మొదలుపెట్టాను. ఇన్నాళ్ళూ రాయలేకపోయాను.

మూడు గంటల వేళ కావచ్చు. మెలకువ వచ్చిందో, వచ్చిందనుకున్నానో తెలియదు. చీర వీపుకు అంటుకుపోయి ఉంది, నీళ్ళు గుమ్మరించినట్టు. దేవుడి గదిలో చిన్న బల్బు వెలుగుతోంది. అది ఒకటా రెండా అని లెక్కపెట్టాలనిపించింది. లెక్క తేలలేదు. మా ఆయనను పిలిచి చక్కెర అడగాలి. ఆ మాట నాకు తెలుసు, నాలుక మీదికి రాలేదు. వేరే ఏదో కూత బయటికి వచ్చింది. ఆయన లేచి లైటు వేసి పట్టుకోబోతే చెయ్యి విసిరికొట్టి, ముప్పై ఏళ్ళ కాపురంలో ఎన్నడూ అనని మాటలు తిట్టానట. ఆ తిట్లు నాకు గుర్తు లేవు. "నన్ను గుర్తుపట్టనే లేదు" అని ఆయన ఇప్పటికీ అంటారు, అన్నప్పుడల్లా గొంతు మారుతుంది. నేను తెలివి తప్పుతూ కూడా మా అత్తగారి ఏడుపు విన్నాను. పక్షవాతం అని ఆయన అనడమూ విన్నాను. కుడిచెయ్యి నిజంగానే లేవలేదు. షుగరు బాగా పడిపోతే పక్షవాతంలా కనిపించవచ్చునని ఆయనకు ఎలా తెలుస్తుంది?

అత్తగారు నుదుట విభూతి పెట్టి ఏదో గాలి సోకిందన్నారు. ఆయన పంచదార నీళ్ళు కలిపి చెంచాతో నా నోట్లో పోయబోతున్నారు. అలికిడికి పక్కింటి చెల్లెలు గోడ దగ్గరికి, అక్కడి నుంచి లోపలికి పరుగున వచ్చింది.

"అన్నా, ఆగండి! మింగలేని మనిషికి నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి" అని చెంచా లాక్కుని, నన్ను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టింది. "అక్క ఈ రోజు మాత్ర వేసుకుందా?" అని అడిగింది. అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అది. తానే 108కు ఫోను చేసింది.

ఆమె భర్తకూ షుగరే. రంజాన్ ఉపవాసాలకు ముందు ప్రతి ఏడూ డాక్టరు దగ్గరికి వెళ్ళి ఏ మాత్ర తగ్గించాలి, తెల్లవారకముందు తినే సహరీకి ఏది, సాయంత్రం ఉపవాసం విడిచే ఇఫ్తార్‌కు ఏది అని రాయించుకుంటారట. ఉపవాసం మధ్యలో షుగరు 70కి తగ్గితే వెంటనే విరమించమని కూడా చెప్పించుకుంటారట. గోడకు ఆ పక్కన ఇంత తెలిసినవాళ్ళు ఉన్నారు. ఈ పక్కన నేను ఇన్నేళ్ళుగా సోమవారాలు చేస్తున్నాను. ఒకరి పండుగకు ఒకరం వంటలు పంపుకున్నాము గానీ, ఈ సంగతి ఒక్కసారైనా మాట్లాడుకోలేదు.

అంబులెన్సులో వేలు గుచ్చి చూస్తే 31. తర్వాత పెద్దాసుపత్రి, రెండున్నర రోజులు, గంట గంటకూ సూది, చుక్క చుక్కగా గ్లూకోజు. అక్కడి డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి మా అందరికీ చెప్పింది. ఈ మందు వల్ల పడిపోయిన షుగరు ఒకసారి పైకి లేచినా మళ్ళీ పడుతుంది, ఎక్కించిన గ్లూకోజే ఇంకొంత ఇన్సులిన్‌ను ఊరిస్తుంది, అందుకే కనీసం ఒక రోజు కనిపెట్టి ఉండాలి అని. ఆమె నిదానంగా చెబుతుంటే చేతులెత్తి దండం పెట్టాను. అదే క్షణంలో నన్ను గంటలో పంపించేసిన వాళ్ళ మీద కడుపు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. కాసేపు వాళ్ళకూ తెలియదేమో అనుకుంటాను. తెలియకపోతే ఆ కుర్చీలో ఎందుకు కూర్చోవాలి అని మళ్ళీ అనిపిస్తుంది.

మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలో 1.8 వచ్చింది, ఉండవలసినదానికన్నా ఎక్కువ. నొప్పి మాత్రలు పూర్తిగా ఆపించారు, గ్లిమెపిరైడ్ తీసేసి వేరే మందు ఇచ్చారు.

ఇంట్లో షుగరు మనిషి ఉన్నవాళ్ళకు నాది ఒక్కటే మనవి. ఆ మనిషి మింగే మాత్ర పేరు ఇంట్లో మరొకరికి తెలిసి ఉండాలి. అది షుగరును మరీ దించే రకమా అని డాక్టరునే అడగండి. ఉపవాసం ఉండాలనుకుంటే, వాంతులై తిండి సహించకపోతే, మాత్ర ఏం చేయాలో ముందే రాయించుకోండి. వణుకు, చెమట, కారణం లేని కోపం, మాట తడబాటు కనిపిస్తే, మింగగలిగిన మనిషైతే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంట ఆగి మళ్ళీ పరీక్ష చేయండి. ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ ఇవ్వండి, షుగరు పైకి లేచాక తిండి పెట్టండి. ఆ సమయంలో బిస్కెట్లు, చాక్లెట్లు వెతకకండి, వాటి చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. తెలివి తప్పితే నోట్లో చుక్క కూడా పోయకండి.

నన్ను బతికించింది వైద్యనాథుడే అని మా అత్తగారి నమ్మకం. నాదీ అదే. ఆయన ఆ రాత్రి పక్కింటి తలుపు తట్టాడనుకుంటాను. ఈ కార్తీకంలో ఇడ్లీ తిని, మాత్ర వేసుకుని, పుష్పగిరి వెళ్ళి వచ్చాను. ఇడ్లీ పెట్టింది అత్తగారే.

కోలుకున్నాక ఆ క్లినిక్కుకు వెళ్ళాను. మాత్రలు కట్టే ఆయనకు నేను గుర్తు లేను. జరిగిందంతా చెప్పాను. "ఇప్పుడు బాగున్నారు కదమ్మా" అన్నారు. లోపలికి వెళ్ళి డాక్టరుగారితో, వణుకు, చెమట వస్తే వెంటనే చెప్పండని ఒక కాగితం మీద రాసి గోడకు అంటించమని అడిగాను. తప్పకుండా అన్నారు. పోయిన నెల వెళ్ళినప్పుడు గోడ మీద కాగితం లేదు. ఈసారి నేనే పెద్ద అక్షరాలతో రాసి, అంటించడానికి జిగురు కూడా తీసుకువెళుతున్నాను.