సూది జ్వరం, సుగ్గి, మధ్యలో ఆగిపోయిన డోసులు

బుధవారం సాయంత్రం అయ్యిందంటే మా మెడికల్ షాపులో పారాసిటమాల్ డ్రాప్స్ చకచకా అమ్ముడుపోతాయి. ఆదోని చుట్టుపక్కల మండలాల్లో షాపు పెట్టుకున్న ఎవరినడిగినా ఇదే చెప్తారు, పిల్లలకు సూదులు వేసేది ఎక్కువగా ఆ రోజే కాబట్టి. కొన్నవాళ్లు ఊరికే పోరు. "సూది ఏపిచ్చినాంన్నా, పిల్లోనికి ఒళ్లు కాలిపోతాంది, ఇంగ రెండో సూదికి పోయేదే ల్యా" అని ఒక మాట అనేసి మరీ పోతారు. అలాగని వీళ్లెవరూ టీకాలకు వ్యతిరేకులు కారు. పోలియో ఆదివారం పొద్దున్నే బిడ్డను చంకనేసుకుని వచ్చి లైన్లో నిలబడేది వీళ్లే. వాళ్ల లెక్క వేరే. రాత్రంతా బిడ్డ ఏడిస్తే పొద్దున కూలికి పోలేరు, పోకపోతే ఆ రోజు డబ్బులు పోయినట్టే. ఈ లెక్కకు జవాబు చెప్పకుండా "టీకాలు సురక్షితం" అని గోడ మీద ఎంత పెద్ద అక్షరాలతో రాస్తే ఏం లాభం చెప్పండి.

అందుకే జ్వరం సంగతే ముందు చెప్తాను. ఆరు, పది, పద్నాలుగు వారాలకు తొడకు వేసే పెంటావాలెంట్ సూది ఐదు రోగాలకు ఒకేసారి పనిచేస్తుంది: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, ఇంకొకటి హిబ్ అనే బ్యాక్టీరియా (చిన్నపిల్లల్లో న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చేది). ఈ ఐదింట్లో జ్వరం ఎక్కువగా తెప్పించేది కోరింత దగ్గు భాగం. ఆ బ్యాక్టీరియాను చంపి, కణం మొత్తాన్నీ అలాగే మందులో పెడతారు. ఒంటికి అది అసలు క్రిమిలాగే కనబడుతుంది కాబట్టి గట్టిగానే తిరగబడుతుంది, ఆ తిరుగుబాటే జ్వరం, తొడ ఎర్రబడటం, గట్టిపడటం. ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. ప్రైవేటులో "పెయిన్‌లెస్" అని వేలకు వేలు తీసుకుని వేసే సూదిలో ఆ కణంలోంచి తీసి శుద్ధి చేసిన ముక్కలు మాత్రమే ఉంటాయి. జ్వరం తక్కువ వస్తుంది, నిజమే. కానీ కోరింత దగ్గు మీద దాని రక్షణ తొందరగా తగ్గిపోతుందని కూడా తేలింది. అప్పు తెచ్చి మరీ కర్నూలు పోయి అది వేయించుకొచ్చి, సర్కారు సూది తక్కువ రకమని అరుగు మీద కూర్చుని చెప్పేవాళ్లను చూస్తే నాకైతే ఒళ్లు మండుతుంది.

జ్వరం కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది జ్వరానికి ఇంట్లో చేసే వైద్యం. పారాసిటమాల్ డ్రాప్స్, సిరప్ రెండూ ఒకటే అనుకుంటారు. కాదు. డ్రాప్స్‌లో సాధారణంగా 1 ఎంఎల్‌కే 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, సిరప్‌లో 5 ఎంఎల్‌కి 125 లేదా 250 ఉంటుంది. సిరప్ చెంచాతో డ్రాప్స్ పోస్తే పసిబిడ్డ కాలేయం మీద పడుతుంది. బిడ్డ బరువును బట్టి ఎన్ని చుక్కలో నర్సమ్మనో డాక్టరునో అడగండి, సీసాతో పాటు వచ్చే డ్రాపర్‌తోనే వేయండి. తొడ మీద తడిగుడ్డ వేస్తే చాలు, కాపడాలు, ఆముదాలు, మర్దనాలు వద్దు. పుట్టినప్పుడు ఎడమ భుజానికి వేసే బీసీజీ (క్షయ రాకుండా వేసే సూది) దగ్గర కొన్ని వారాల తర్వాత చిన్న పొక్కు లేచి, పగిలి, మచ్చ పడుతుంది. అది పుండు కాదు. దానికి పసుపు, పౌడరు, ఆయింట్‌మెంటు ఏదీ పెట్టక్కర్లేదు.

టీకాల వల్ల అసలు ఏమీ కాదని చెప్తే మాత్రం నేను ఒప్పుకోను, అట్లా చెప్పేవాళ్ల వల్లే జనానికి నమ్మకం పోయేది. ఒంటికి పడకపోవడం, ఊపిరి అందకపోవడం లాంటి తీవ్రమైన అలర్జీ ఉంది. అది దాదాపు పది లక్షల డోసుల్లో ఒకటి దగ్గర జరుగుతుంది, జరిగితే ఎక్కువగా వెంటనే జరుగుతుంది. సూది వేశాక అరగంట అక్కడే కూర్చోమనేది అందుకే, నర్సమ్మ దగ్గర దానికి విరుగుడు ఇంజెక్షన్ కూడా ఉంటుంది. మా వాళ్లేమో సూది పడీ పడకముందే ఆటో ఎక్కేస్తారు. అలాగే మూడు గంటలు దాటినా ఏడుపు ఆగకపోయినా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ వడిలిపోయినట్టు పడి ఉన్నా డ్రాప్స్ కోసం నా దగ్గరికి రాకండి, సీదా ఆస్పత్రికి పోండి.

ఇక సుగ్గి, అంటే కూలి పనులకు వలస పోవడం. కోసిగి, పెద్దకడబూరు, ఆలూరు వైపు వాళ్లకు ఇది వివరించక్కర్లేదు, మిగతా జిల్లాల వాళ్ల కోసం చెప్తున్నా. ఇక్కడి పనులు అయిపోయాక మా పల్లెలు సగం ఖాళీ అవుతాయి. మిరపకోతకు గుంటూరు వైపు, పత్తికి తెలంగాణకు, కట్టడం పనులకు బెంగళూరుకు. ముసలోళ్లు ఇంటి కాపలాకు మిగులుతారు, చంటిబిడ్డలు మాత్రం తల్లులతో పాటు లారీ ఎక్కాల్సిందే. తొమ్మిదో నెలలో పడాల్సిన ఎంఆర్ (తట్టు, రుబెల్లాలకు వేసే) సూది తేదీ వచ్చేసరికి ఆ బిడ్డ మిరపచేను గట్టు మీద డేరాలో ఉంటుంది. ఉగాదికి తిరిగొచ్చాక "టైము దాటిపాయ కదన్నా, ఇప్పుడేసినా పనిచేయదంట" అని ఊరుకుంటారు. ఇంకొందరు మళ్లీ మొదటి నుంచీ అన్నీ వేయాలేమో, అన్ని జ్వరాలు మళ్లీ పడలేం అనుకుని ముఖం చాటేస్తారు.

రెండూ తప్పే. డోసుల మధ్య ఎంత ఎడం వచ్చినా మొదటి నుంచీ వేయరు, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే వేస్తారు. ముందు వేసినవి వృథా కావు, ఒళ్లు వాటిని గుర్తుపెట్టుకునే ఉంటుంది. సర్కారు కార్యక్రమంలో ఎంఆర్, పోలియో చుక్కలు ఐదేళ్ల వయసు వరకు ఇస్తారు, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు వేసేది) ఏడేళ్ల వరకు వేస్తారు. తొందరగా వేయించుకోవడమే మేలు, ఎందుకంటే మధ్యలో గడిచిన నెలల్లో బిడ్డకు రక్షణ ఉండదు, అంతే తప్ప తలుపు మూసుకుపోదు. ఇంకో సంగతి, మామూలు జలుబు, కొద్దిపాటి వెచ్చదనం ఉందని సూది వాయిదా వేయక్కర్లేదు. ముక్కు కారని పసిబిడ్డ మా వైపు ఏ ఇంట్లో ఉంది చెప్పండి!

ఎంఆర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. దీంట్లో ఎం అంటే మీజిల్స్, అదే మన తట్టు. అంటువ్యాధుల్లో దీని అంత వేగంగా పాకేవి చాలా తక్కువ. రక్షణ లేని జనంలో ఒక బిడ్డ నుంచి పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటుతుంది, దద్దుర్లు కనబడటానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటుతుంది, రోగి గదిలోంచి వెళ్లిపోయినా దాదాపు రెండు గంటలు గాలిలో ఉంటుంది. అందుకే ఊళ్లో నూటికి తొంభై ఐదు మందికి రెండు డోసులూ పడితే గానీ దీన్ని ఆపలేం. రెండోది ఎందుకంటే, తొమ్మిదో నెలలో వేసినది దాదాపు 85 శాతం పిల్లల్లోనే పట్టుకుంటుంది, తల్లి నుంచి వచ్చిన రక్షణ ఇంకా ఒంట్లో ఉండి టీకాను అడ్డుకోవడం దానికి ఒక కారణం. పదహారో నెల తర్వాత వేసేది ఆ మిగిలిపోయినవాళ్లను పట్టుకోవడానికి. ఒక ఊళ్లో పాతిక కుటుంబాలు సుగ్గికి పోయి ఈ రెండో డోసు ఎగ్గొడితే ఆ తొంభై ఐదు ఎక్కడ నిలుస్తుంది? తట్టు పోస్తే అమ్మవారు వచ్చిందని వేపమండలు కడతారు, కట్టుకోండి, వేపాకు ఎవరికీ చెడు చేయదు. కానీ ఆయాసం వచ్చాక కూడా ఆస్పత్రికి తీసుకుపోకూడదనే పట్టింపు ఉంది చూడండి, బిడ్డల్ని పొట్టన పెట్టుకునేది అదే. తట్టుతో చనిపోయే పిల్లల్లో ఎక్కువమందిని తీసుకుపోయేది న్యుమోనియానే.

ఆర్ అంటే రుబెల్లా. గర్భం మొదటి నెలల్లో తల్లికి ఇది సోకితే పుట్టే బిడ్డకు కంటిలో శుక్లాలు, చెవుడు, గుండెలో లోపం రావచ్చు. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ బడుల్లో ఈ సూది వేసినప్పుడు, వేయించుకుంటే పిల్లలు పుట్టరని మా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. ఆడపిల్లలకు ముందుముందు ఆరోగ్యంగా బిడ్డలు పుట్టాలని వేసే సూది మీద సరిగ్గా తిరగేసి పుకారు పుట్టించారు చూశారా! అమెరికా నుంచి వీడియోలు పంపే మేనల్లుళ్లది ఇంకో రకం, ఎంఎంఆర్‌తో (ఎంఆర్‌కు గవదబిళ్లల టీకా కూడా కలిపిన సూది) ఆటిజం వస్తుందని. ఆ మాట పుట్టింది 1998లో కేవలం 12 మంది పిల్లల మీద ఒక వైద్య పత్రికలో వచ్చిన వ్యాసంతో. 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది, రాసిన డాక్టరు పేరును బ్రిటన్‌లో వైద్యుల జాబితాలోంచి కొట్టేశారు. తర్వాత డెన్మార్క్‌లో 6 లక్షల 57 వేల మంది పిల్లల్ని చూసి 2019లో ప్రకటించారు, ఆ టీకాకూ ఆటిజానికీ సంబంధం కనబడలేదు. వ్యాసం పోయింది, వీడియో మాత్రం ఇంకా తిరుగుతోంది.

షాపుకు వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నల్లో నాకు బాగా నచ్చేది ఒకటుంది: "మన ఎండలకు డబ్బాలో మందు చెడిపోదా?" అడగాల్సిన ప్రశ్నే. నలభై రెండు డిగ్రీల్లో నర్సమ్మలు టీకాల నీలం డబ్బా భుజానేసుకుని తండాలకు పోతారు మరి. మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, డబ్బా లోపల నాలుగు పక్కలా ఐసు ప్యాకులు పెడతారు. అయినా అనుమానం తీరకపోతే సీసా చూపించమనండి. లేబుల్ మీద గానీ మూత మీద గానీ ఊదారంగు గుండ్రం, దాని మధ్యలో చిన్న చతురస్రం ఉంటాయి. చతురస్రం బయటి గుండ్రం కంటే పాలిపోయి ఉంటే, ఎండ దెబ్బ విషయంలో మందు బాగున్నట్టు. వేడి తగిలేకొద్దీ అది నల్లబడుతూ వస్తుంది, గుండ్రం రంగుతో కలిసిపోయిందంటే ఆ సీసా పారేయాలి. చదువు రానివాళ్లు కూడా చూసి చెప్పొచ్చు. ఎంఆర్, బీసీజీ అయితే పొడిని కలిపిన నాలుగు గంటల్లో వాడేయాలి, అందుకే నర్సమ్మ సీసా మీద టైము రాస్తుంది. అది కూడా అడిగి చూడండి, మంచి నర్సమ్మ కోప్పడదు.

మా అవ్వ ముంజేతి మీద రెండు గుండ్రటి మచ్చలుండేవి, పెద్దమ్మవారికి (మశూచికి) పొడిచిన టీకా మచ్చలు. ఆ కాలంలో తిప్పి గుచ్చే ఇనుప బిళ్లతో పొడిచేవాళ్లు, ఇప్పటి సూది దాని ముందు ఎంత. మన దేశంలో ఆ రోగం చివరి కేసు 1975లో, ప్రపంచం నుంచే పోయిందని 1980లో ప్రకటించారు. పోలియో చివరి కేసు 2011 జనవరిలో, బెంగాల్లోని హౌరాలో. ధనుర్వాతం మాత్రం ఇట్లా పోయేది కాదు. దాని క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది, మనిషి నుంచి మనిషికి రాదు, కాబట్టి పక్కింటోళ్లు వేయించుకున్నారులే అంటే కుదరదు. ఎవరి సూది వాళ్లకే. గర్భిణికి వేసే టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి) సూదులతో, ఆస్పత్రి కాన్పులతో బాలింతల్లో, పుట్టిన బిడ్డల్లో అది నామమాత్రానికి తగ్గిందని 2015లో ధ్రువీకరించారు, కానీ సూది మానేస్తే మళ్లీ రావడానికి దానికి ఏ అడ్డూ లేదు.

ఈసారి సుగ్గికి బయలుదేరేవాళ్లకు నేను చెప్తున్నది ఇదే. లారీ మాట్లాడుకున్న రోజే ఆశా అక్కకు చెప్పండి, ఏ ఊరికి పోతున్నారో, బిడ్డకు ఎన్నో నెలో. ముందే వేయగలిగేవి ఉంటే వేసి పంపుతారు. తల్లీబిడ్డల కార్డు దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది, గుంటూరు వైపు నర్సమ్మ మీ ఆధార్‌లో కర్నూలు అడ్రస్ ఉందని సూది వేయనని అనకూడదు, సూది ఉచితమే. కార్డు బియ్యం మూటలో పెట్టి తడిపేస్తారు కాబట్టి రెండు వైపులా ఫోన్లో ఫోటో తీసుకోండి. ఫోన్ లేనివాళ్లు నా షాపుకు తీసుకురండి, జిరాక్స్ తీసిస్తా, డబ్బులు వద్దు.