డెడ్లీ అని పుస్తకం చెప్పిన ఫైట్ ఒక్క రౌండ్‌లో పోయింది: నా డంజన్ మాస్టర్ అనుభవం

నిన్న రాత్రి మా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో (బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ తలో పాత్రతో కథ నడిపే ఆట) ఫైట్ ఎట్టకేలకు నేను అనుకున్నట్టు నడిచింది. మా ఆటగాళ్ళ పాత్రల్లో పాలడిన్ 3 హిట్ పాయింట్లతో (అంటే మిగిలిన ప్రాణం) బయటపడ్డాడు, రోగ్ కిందపడి మళ్ళీ లేచాడు. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరూ ఫోన్ చూసుకోలేదు. ఆ ఊపు తగ్గకముందే రాసేస్తున్నాను. కొత్తగా డంజన్ మాస్టర్ (కథ, శత్రువులను నడిపేవాడు) అయినవాళ్ళకు ఉపయోగపడొచ్చు.

కథ రాసుకోవడం, మ్యాపులు గీయడం నాకెప్పుడూ కష్టం కాలేదు. గొంతు మార్చి మాట్లాడటంలో మా గుంపులో నన్ను మించినవాడు లేడు. చిక్కంతా ఫైట్ ఎంత గట్టిగా ఉండాలన్న దగ్గరే.

మేం ఆడేది 2014 నాటి ఐదో ఎడిషన్. అందులో డంజన్ మాస్టర్ పుస్తకం ఒక పట్టిక ఇస్తుంది. నాలుగో లెవెల్ పాత్రకు ఈజీ 125, మీడియం 250, హార్డ్ 375, డెడ్లీ 500 ఎక్స్‌పీ (శత్రువుని ఓడిస్తే వచ్చే పాయింట్లు). మా ఆటగాళ్ళు నలుగురు కాబట్టి డెడ్లీ గీత 2000. శత్రువుల ఎక్స్‌పీ కూడి, ఇద్దరుంటే ఒకటిన్నర రెట్లు, ముగ్గురి నుంచి ఆరుగురి దాకా ఉంటే రెండు రెట్లు చెయ్యాలి. చిన్నపిల్లలు కూడా చేసే లెక్క. కొన్ని ఆన్‌లైన్ కాల్క్యులేటర్లలో ఉన్నదీ ఇదే పట్టిక, కొత్త విద్య ఏమీ లేదు.

ఆ లెక్కను నమ్మి మొదటి పెద్ద విలన్‌గా అసాసిన్‌ని దింపాను. ఛాలెంజ్ రేటింగ్ (శత్రువు ఎంత గట్టివాడో చెప్పే అంకె) 8, 3900 ఎక్స్‌పీ, 78 హిట్ పాయింట్లు. అంటే డెడ్లీ గీతకు దాదాపు రెట్టింపు. ఎవరో ఒకరు పోతారేమోనని నాకే టెన్షన్. నెల రోజులు అతని పేరు మాత్రమే వినిపిస్తూ, చంపేసిన మనుషుల్ని చూపిస్తూ ఊరించాను.

ఇనిషియేటివ్‌లో, అంటే ఎవరు ముందాడాలో తేల్చే పాచికలో, మా విజార్డ్ ముందొచ్చాడు. హోల్డ్ పర్సన్ వేశాడు. రెండో లెవెల్ స్పెల్, అంతే. అసాసిన్‌కి విజ్డమ్ సేవ్‌లో (స్పెల్‌ని తప్పించుకోవడానికి వేసే పాచిక) కలుపుకోవడానికి ఒక్క పాయింటు కూడా లేదు. 14 రావాలి, 9 పడింది. మనిషి బిగుసుకుపోయాడు. అలా బిగుసుకున్నవాణ్ణి ఐదడుగుల లోపల నుంచి కొడితే తగిలిన ప్రతి దెబ్బా క్రిటికల్, అంటే దెబ్బ పాచికలు రెట్టింపు. రోగ్ స్నీక్ అటాక్ వేశాడు, ఫైటర్ యాక్షన్ సర్జ్‌తో రెండుసార్లు కొట్టాడు, పాలడిన్ స్మైట్ దించాడు. 78 పాయింట్లూ హారతి కర్పూరం. నా విలన్‌కి ఒక్క టర్న్ రాలేదు. నేను రాసిపెట్టుకున్న డైలాగు నోట్లోనే ఉండిపోయింది.

రోగ్ ఆడేవాడు కుర్చీలో వెనక్కి వాలి, "ఒరేయ్, నెల నుంచి ఊరించింది ఈయన్నేనా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఫైటర్ బిర్యానీ ఆర్డర్ పెట్టడానికి ఫోన్ తీశాడు. టైమ్ చూస్తే ఎనిమిదిన్నర. రాత్రంతా ఆడదామని వచ్చినవాళ్ళకి నా దగ్గర ఇంకేం లేదు. మిగిలిన సాయంత్రం ఊళ్ళో దుకాణదారుతో బేరాలాడించి గడిపాను. ఆ రోజు ఇంటికెళ్ళేటప్పుడు ఒక్కడు కూడా "బాగుంది రా" అనలేదు.

తర్వాత పుస్తకం మళ్ళీ తిరగేస్తే అసలు సంగతి వేరే పేజీలో ఉంది. ఆ అంకెలు వేసింది రోజుకి ఆరు నుంచి ఎనిమిది మీడియం లేదా హార్డ్ ఫైట్లు, మధ్యలో రెండు షార్ట్ రెస్టులు (చిన్న విరామాలు) ఉంటాయని లెక్కపెట్టుకుని. ఉద్యోగాలు చేసుకుంటూ శనివారం సాయంత్రం కూర్చునే మేమెక్కడ, ఎనిమిది ఫైట్లెక్కడ? ఒక్క ఫైట్ అవగానే మావాళ్ళు లాంగ్ రెస్ట్ (రాత్రంతా పడుకుని శక్తులన్నీ తిరిగి తెచ్చుకోవడం) అంటారు. ప్రతి ఫైట్‌కీ స్పెల్ స్లాట్లన్నీ (ఎన్ని స్పెల్స్ వెయ్యొచ్చో ఆ లెక్క) నిండుగా వస్తారు. ఈ షరతును పట్టిక పక్కనే పెద్దక్షరాలతో వెయ్యడానికి వీళ్ళకేం పోయింది?

దీనికి తిరగబడిన కథ కూడా జరిగింది. రాత్రి విడిది దగ్గర ఊరికే భయపెడదామని నాలుగు షాడోలను (నీడ దయ్యాలు) పంపాను. 400 ఎక్స్‌పీ, రెట్టింపు చేస్తే 800, పుస్తకం భాషలో ఈజీ. షాడో దెబ్బ తగిలితే స్ట్రెంత్ (ఒంటి బలం) ఒకటి నుంచి నాలుగు దాకా తగ్గుతుంది, సున్నా అయితే మనిషి చస్తాడు. మా విజార్డ్ స్ట్రెంత్ 8. హిట్ పాయింట్లు మిగిలుండగానే పోయాడు. వాడు వారం పాటు నాతో మాట్లాడలేదు, తర్వాత ఇంకో విజార్డ్‌ని చేసుకొచ్చాడు, అదే హోల్డ్ పర్సన్‌తో. 2024 పుస్తకంలో ఆ రెట్టింపు కూడా తీసేశారు. ఆ లెక్కన నా షాడోలు అతి తక్కువ మెట్టు 'లో' కిందకి కూడా రావు!

నిన్నటి ఫైట్‌కి ముందు నేను చేసింది ఒకటే: రెస్ట్ లేకుండా చేశాను. తెల్లారేసరికి బందీలను చంపేస్తారని చెప్పాను. దారిలో రెండు చిన్న గొడవలకే స్లాట్లు సగం అయిపోయాయి. చివర్లో ఒక గ్లాడియేటర్, పక్కన ముగ్గురు థగ్గులు. మావాళ్ళు ఇప్పుడు ఐదో లెవెల్, డెడ్లీ గీత 4400. నాది 2100, రెట్టింపు చేస్తే 4200. హార్డ్ అన్నమాట, డెడ్లీ కూడా కాదు. విజార్డ్ యథాప్రకారం గ్లాడియేటర్ మీద హోల్డ్ పర్సన్ వేశాడు. వెంటనే ఇద్దరు థగ్గులు పోయి విజార్డ్‌ని బాదితే కాన్సంట్రేషన్ (స్పెల్ నిలవడానికి పెట్టాల్సిన ఏకాగ్రత) పోయి స్పెల్ ఊడిపోయింది. ఒంటరి బాస్‌ని మాత్రం ఎప్పుడూ పెట్టకండి. నలుగురి టర్నుల ముందు వాడి ఒక్క టర్న్ ఏ మూలకీ రాదు.

ఫైట్ మధ్యలో తెర వెనక హిట్ పాయింట్లు పెంచేయమని సలహాలిచ్చేవాళ్ళుంటారు. నాకది నచ్చదు, ఆటగాళ్ళు పట్టేస్తారు. వచ్చే శనివారం బందీలతో తిరుగు ప్రయాణం. లాంగ్ రెస్ట్ ఎప్పుడిస్తావని విజార్డ్ పొద్దున్నే గ్రూప్‌లో మెసేజ్ పెట్టాడు. ఇంకా జవాబివ్వలేదు.