తమ్ముడి ఇంట్లో చీకటి

2021 ఫిబ్రవరి. డాలస్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, కరెంట్ పోయి రెండు రోజులైంది, పిల్లలు వణుకుతున్నరు."

నేను హనుమకొండలో సబ్‌స్టేషన్ ఆపరేటర్ని. కోత పెట్టడం నా పనే, అయినా ఏమీ చేయలేకపోయాను.

తర్వాత కారణం చదివి మనసు కలుక్కుమంది. టెక్సాస్‌లో చలికి గ్యాస్ బావులు గడ్డకట్టాయి, గ్యాస్ అందక చాలా ప్లాంట్లు ఆగాయి. గ్రిడ్‌ను కాపాడాలని కోత పెడితే, గ్యాస్‌ను పైపుల్లోకి తోసే కంప్రెసర్లకే కరెంట్ పోయింది! చాలావాటిని కోత పెట్టకూడని ముఖ్యమైన లోడ్‌గా నమోదే చేయలేదు. అయినా ఆ కోత ఇంకో 4 నిమిషాల 37 సెకన్లు ఆలస్యమైతే గ్రిడ్ మొత్తం కూలేదట.

మన చెల్పూరు ప్లాంటులో బొగ్గు కుప్ప పోసుకోవచ్చు. గ్యాస్ ప్లాంటుకు మాత్రం అప్పటికప్పుడు పైపులో రావాల్సిందే.

ఇప్పుడు కోత లిస్టు చేతికొస్తే, ముందు మంచినీళ్ల ఫిల్టర్‌బెడ్ మోటార్లు ఏ ఫీడర్ (కరెంట్ లైన్) మీదున్నాయో చూస్తాను.