టాక్స్ లిటిగేషన్ నాకు ఎవరి దగ్గర వచ్చిందంటే

లా చదువుతున్న మనవాళ్ళు, ఇంకా హైదరాబాద్‌లో సీఏ చేసి ఇక్కడ అమెరికాకొచ్చి సీపీఏనో (ఇక్కడి సీఏ లాంటిది) ఎన్‌రోల్డ్ ఏజెంటో (పన్ను శాఖ ముందు టాక్స్‌పేయర్ల తరఫున మాట్లాడే అనుమతి ఉన్నవాళ్ళు) అయినవాళ్ళు ఈ మధ్య చాలామంది మెసేజ్ పెడుతున్నారు, ఐఆర్‌ఎస్‌తో, అంటే అమెరికా పన్ను శాఖతో, కోర్టులో కొట్లాడే పని ఎలా నేర్చుకోవాలి, ఏ కోర్సు చెయ్యాలి, ఏ పుస్తకం కొనాలి అని. కోర్సు చెయ్యండి, టాక్స్‌లో ఎల్‌ఎల్‌ఎం నేనూ చేశాను, అది లేకపోతే సెక్షన్ నంబర్లు కూడా అర్థం కావు. కానీ ఈ పని నాకు వచ్చింది మాత్రం ఇద్దరు సీనియర్ల పక్కన కూర్చోవడం వల్లే. ఒకావిడ ఐఆర్‌ఎస్ చీఫ్ కౌన్సెల్ ఆఫీసులో (ఐఆర్‌ఎస్ సొంత లాయర్ల ఆఫీసు) ఏళ్ళ తరబడి గవర్నమెంట్ తరఫున వాదించి తర్వాత బయటికొచ్చారు, ఇంకొకాయన మొదట్నుంచీ టాక్స్‌పేయర్ల వైపే. ఇద్దరి పద్ధతులూ వేరు, ఒక విషయంలో మాత్రం ఒకటే మాట, కేసు కోర్టు హాల్లో గెలవదు, అంతకు చాలా నెలల ముందు కాగితం మీదే గెలుస్తుంది లేదా పోతుంది. ఈ పోస్టంతా దాని గురించే.

మొదట వాళ్ళు నేర్పేది ఏ కోర్టుకి వెళ్ళాలి అన్నది. టాక్స్ కోర్టు, ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టు, కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్, ఈ మూడింట్లో ఏదో ఒకటి. టాక్స్ కోర్టుకైతే ముందు డబ్బు కట్టక్కర్లేదు, నోటీస్ ఆఫ్ డెఫిషియెన్సీ (ఇంత పన్ను తక్కువైందని ఐఆర్‌ఎస్ పంపే నోటీసు) వచ్చాక 90 రోజుల్లో పిటిషన్ వెయ్యాలి, ఫీజు 60 డాలర్లు అంతే. మిగతా రెండిటికీ ముందు మొత్తం పన్ను కట్టేసి, రిఫండ్ క్లెయిమ్ వేసి, వాళ్ళు కాదంటేనో ఆరు నెలలు పలకకపోతేనో అప్పుడు దావా, ఇది సుప్రీం కోర్టు 1960లో ఫ్లోరా కేసులో తేల్చిన సంగతి. జ్యూరీ కావాలంటే డిస్ట్రిక్ట్ కోర్టు ఒక్కటే దారి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది, రిఫండ్ క్లెయిమ్‌లో ఏ కారణం రాశారో కోర్టులో అదే వాదించాలి, కొత్త కారణం తెస్తే వినరు. అందుకే మా సీనియర్ గారు రిఫండ్ క్లెయిమ్ అంటే సవరించిన రిటర్న్ అనుకోరు, దావా మొదటి పేజీ అనే అనుకుంటారు, కారణాలు వివరంగా రాసి ఒక స్టేట్‌మెంట్ జతచేయందే బయటికి పంపనివ్వరు.

ఆ 90 రోజుల గురించి మనవాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. లెక్క మొదలయ్యేది నోటీసు మీ చేతికొచ్చిన రోజు నుంచి కాదు, ఐఆర్‌ఎస్ పోస్టు చేసిన రోజు నుంచి. వాళ్ళు పంపేది వాళ్ళ దగ్గరున్న చివరి అడ్రస్‌కి, మామూలుగా అది మీరు ఆఖరుసారి ఫైల్ చేసిన రిటర్న్‌లో ఉన్న అడ్రస్. ఫ్రిస్కోలో ఇల్లు ఖాళీ చేసి విజయవాడ వెళ్ళిపోయి అడ్రస్ మార్చమని చెప్పకపోతే నోటీసు ఫ్రిస్కో తలుపుకే వెళ్తుంది, అయినా చెల్లుతుంది. దేశం బయట ఉన్న వ్యక్తికి పంపితే 90 కాదు 150 రోజులు, ఈ సంగతి తెలీక వదిలేసుకునేవాళ్ళు ఉన్నారు. గడువు దాటితే కోర్టు కనికరించొచ్చా లేదా అన్నదాని మీద పెద్ద చర్చే నడిచింది. 2022లో బెక్లర్ కేసులో సుప్రీం కోర్టు కలెక్షన్ (పన్ను వసూలు) కేసుల్లో ఉండే 30 రోజుల గడువుకి న్యాయమైన కారణం ఉంటే సడలింపు ఇవ్వొచ్చంది, అదే ఏడాది టాక్స్ కోర్టు మాత్రం 90 రోజుల గడువు అలా సడలదు అంది, 2023లో థర్డ్ సర్క్యూట్ (సర్క్యూట్ అంటే ఒక ప్రాంతానికి ఉండే ఫెడరల్ అప్పీల్ కోర్టు) కల్ప్ కేసులో సడలొచ్చు అంది. న్యూజెర్సీ థర్డ్ సర్క్యూట్ కిందకి వస్తుంది కాబట్టి ఎడిసన్‌లో ఉండేవాళ్ళకి ఆ తీర్పు పనికొస్తుంది, మేమున్న టెక్సస్ ఫిఫ్త్ సర్క్యూట్. సీనియర్లు ఇవన్నీ వరసగా చెప్పి చివర్లో ఆ తీర్పులు ఆల్రెడీ మునిగినవాడి కోసం, నువ్వు మాత్రం గడువుకి ముందే ఫైల్ చెయ్యి అంటారు. మా ఆఫీసులో కొత్త నోటీసు రాగానే ముందు చేసే పని ఆఖరు తేదీని ఇద్దరు వేర్వేరుగా లెక్కేసి రాయడం, ఆ తర్వాతే అందులో ఏముందో చదువుతాం.

పైన సర్క్యూట్ల పేర్లు చెప్పా కదా, అదీ సీనియర్ల దగ్గర వచ్చిన అలవాటే. టాక్స్ కోర్టు దేశమంతటికీ ఒకటే, ఆఫీసు వాషింగ్టన్‌లో, జడ్జీలే నగరాలకి తిరిగి కేసులు వింటారు. కానీ అప్పీలు మాత్రం పిటిషన్ వేసిన రోజు టాక్స్‌పేయర్ ఎక్కడ నివాసం ఉన్నాడో ఆ ప్రాంతపు సర్క్యూట్‌కి వెళ్తుంది, 1970 నాటి గోల్సెన్ కేసు ప్రకారం టాక్స్ కోర్టు ఆ సర్క్యూట్ చెప్పిందే పాటించాలి. అందుకని క్లయింట్ ఫోన్ చేస్తే మా సీనియర్ అడిగే మొదటి ప్రశ్న ఎంత పన్ను వేశారు అని కాదు, ఇప్పుడు మీరు ఎక్కడ ఉంటున్నారు అని.

దీనికి మంచి ఉదాహరణ ఫారం 5471. ఇండియాలో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో తమ్ముడితోనో బావగారితోనో కలిసి వాటా పెట్టుకుని ఇక్కడ ఆ ఫారం వెయ్యనివాళ్ళు మనలో బోలెడుమంది, పెనాల్టీ ఏడాదికి ఒక్కో ఫారానికి 10,000 డాలర్లు. 2023లో ఫార్హీ కేసులో టాక్స్ కోర్టు ఆ పెనాల్టీని తనంతట తాను అసెస్ చేసే (బాకీగా లెక్క కట్టి వేసే) అధికారం ఐఆర్‌ఎస్‌కి లేదు, గవర్నమెంట్ సివిల్ దావా వేసి వసూలు చేసుకోవాల్సిందే అంది. 2024 మే నెలలో డీసీ సర్క్యూట్ దాన్ని కొట్టేసింది. అదే ఏడాది నవంబర్‌లో ముఖి కేసులో, అది ఎయిత్ సర్క్యూట్‌కి వెళ్ళే కేసు కాబట్టి, టాక్స్ కోర్టు తన మాట మీదే నిలబడింది. ఇప్పుడు ఆలోచించండి, అమెరికాలో నివాసమే లేకుండా హైదరాబాద్ వెళ్ళిపోయిన మనిషి కేసు అప్పీలు ఎక్కడికి పోతుంది? డీసీ సర్క్యూట్‌కే. అంటే ఒకే ఫారం, ఒకే పెనాల్టీ, ఎయిత్ సర్క్యూట్ కిందకొచ్చే ఒమాహాలో ఉన్నవాడు వేసిన పిటిషన్‌కీ హైదరాబాద్‌లో ఉన్నవాడు వేసిన పిటిషన్‌కీ ఆ నవంబర్‌లో రెండు వేరు జవాబులు. చట్టం మారుతూ ఉంటుంది, మీ కేసు రోజున ఎక్కడుందో మీరే చూసుకోవాలి, కానీ ఈ చూసే పద్ధతి మాత్రం నాకు ఏ క్లాసులోనూ రాలేదు. ఇండియా బ్యాంకు అకౌంట్ల ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల గురించి ఏటా ఇచ్చే రిపోర్టు) పెనాల్టీ ఇంకో దారి, అది అసలు టాక్స్ కోర్టుకే రాదు, డిస్ట్రిక్ట్ కోర్టులో నడుస్తుంది, 2023లో బిట్నర్ కేసులో సుప్రీం కోర్టు కావాలని చెయ్యని తప్పుకి పెనాల్టీ అకౌంట్‌కొకటి కాదు రిపోర్టుకొకటి అని 5-4తో చెప్పింది, దాంతో బిట్నర్‌కి 27 లక్షల డాలర్లు దాటిన పెనాల్టీ 50,000 డాలర్లకి దిగింది.

ఇక అసలు పని, స్టిప్యులేషన్. సినిమాల్లో కోర్టు చూసి ఈ ఫీల్డుకి వచ్చేవాళ్ళకి ఇది చాలా చప్పగా అనిపిస్తుంది, నాకైతే ఇదే ప్రాణం. టాక్స్ కోర్టు రూల్ 91 ప్రకారం రెండు పక్షాలూ వివాదం లేని నిజాలన్నీ ముందే రాసుకుని సంతకం పెట్టి ఇవ్వాలి. దానికంటే ముందు బ్రానర్టన్ లెటర్ అని ఒకటి ఉంటుంది, 1974 కేసు పేరు మీద వచ్చింది, ఫార్మల్ డిస్కవరీకి (కోర్టు రూల్స్ ప్రకారం అవతలివాళ్ళని కాగితాలు, జవాబులు అడిగే పద్ధతి) పోయే ముందు ఒకరినొకరు మామూలుగా ఉత్తరం రాసి, కూర్చుని మాట్లాడుకుని కాగితాలు ఇచ్చిపుచ్చుకోవాలని. గట్టు తగాదాలో వాదన మొదలెట్టే ముందు సర్వే రాళ్ళు ఎక్కడున్నాయో రెండు ఇళ్ళవాళ్ళూ నడిచి చూసుకుని ఒప్పుకోవడం లాంటిది ఇది. కాగితాలకి (ఎగ్జిబిట్లంటారు) నంబర్లు కూడా ఒక పద్ధతిలో పడతాయి, ఇద్దరూ కలిసి పెట్టింది 1-జె, మనం పెట్టింది 2-పి, ఐఆర్‌ఎస్ పెట్టింది 3-ఆర్, ఇలాగ.

నేను రాసిన స్టిప్యులేషన్ డ్రాఫ్టుని మొదటి సీనియర్, ఆ చీఫ్ కౌన్సెల్ ఆవిడ, చదివే తీరు చూడాలి. ప్రతి వాక్యం దగ్గరా ఆగి ఇది నిజమా, అభిప్రాయమా అని అడుగుతారు. "క్లయింట్ తన వ్యాపారం కోసం ఆస్టిన్ వెళ్ళాడు" అని రాస్తే అవతలివైపు సంతకం పెట్టరు, ఎందుకు వెళ్ళాడన్నదే కదా గొడవ. "ఫలానా తేదీన ఆస్టిన్ హోటల్లో ఉన్నాడు, బిల్లు ఎగ్జిబిట్ 4-జె" అని రాస్తే పెడతారు, అలాంటివి ఓ ఇరవై వరసగా పెడితే చదివే జడ్జికి ఎందుకు వెళ్ళాడో మనం చెప్పకుండానే తెలుస్తుంది. ఆవిడ గవర్నమెంట్ వైపు కూర్చుని వందల కేసులు చూసిన మనిషి కాబట్టి అవతలి లాయర్ ఏ మాట దగ్గర పెన్ను ఆపుతాడో ఆవిడకి ముందే తెలుసు. ఒకసారి సంతకం పెట్టాక ఆ మాటకి కట్టుబడాల్సిందే, తర్వాత సాక్ష్యంలో దానికి అడ్డంగా మాట్లాడితే కోర్టు మామూలుగా ఒప్పుకోదు, కాబట్టి ఏది ఒప్పుకోవాలో ఎంత జాగ్రత్తో ఏ కాగితం మీద అభ్యంతరం అట్టే పెట్టుకోవాలో కూడా అంతే జాగ్రత్త. పిటిషన్ దగ్గరా ఇదే, ఐఆర్‌ఎస్ చేసిన ఏ తప్పుని పిటిషన్లో ఎత్తి చూపలేదో దాన్ని ఒప్పుకున్నట్టే లెక్క.

నిరూపించే బాధ్యత మామూలుగా టాక్స్‌పేయర్ మీదే ఉంటుంది, 1933 వెల్చ్ కేసు నుంచీ చెప్తున్న మాట, 1998లో చట్టం మార్చి కొన్ని షరతుల మీద ఐఆర్‌ఎస్ వైపు జరిపే వీలు పెట్టారు గానీ ఆ షరతులకి సరిపోయేవాళ్ళు తక్కువ. రసీదులు పోయినా ఖర్చు నిజమని నమ్మకం కలిగితే కోర్టు అంచనా వెయ్యొచ్చని 1930 కోహాన్ కేసు చెప్పింది, దీన్ని చదవగానే కొత్తవాళ్ళు సంబరపడిపోతారు. కానీ ప్రయాణాలు, కారు ఇలాంటివాటికి సెక్షన్ 274(డి) ఆ తలుపు మూసేసింది. సొంత కంపెనీ పెట్టుకుని ప్రాజెక్టులు చేసే మన కన్సల్టెంట్లు బ్యాంక్ స్టేట్‌మెంట్లు, క్రెడిట్ కార్డు బిల్లులు కట్టగట్టి తెస్తారు, ఆయన (రెండో సీనియర్) వాటిని పక్కన పెట్టి మైలేజ్ లాగ్ ఏది అని అడుగుతారు. ఆ తర్వాత చేసేది నాకు చాలా నచ్చుతుంది, కాగితాలన్నీ మూసేసి క్లయింట్‌ని ఆ సంవత్సరం మొత్తం కథలా చెప్పమంటారు, ఎక్కడ ప్రాజెక్టు, వారంలో ఏ రోజు బయల్దేరేవాడు, ఇంట్లో పిల్లల్ని ఎవరు చూసుకునేవాళ్ళు, అంతా. మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యరు. అప్పుడు కాగితాలు తెరిచి కథకీ వాటికీ ఎక్కడ పొసగట్లేదో గుర్తులు పెడతారు. ఆ గుర్తులే రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో వచ్చే ప్రశ్నలు. జ్యూరీ లేదు, ఒక్క జడ్జి, ఆ జడ్జి ఈ మనిషి నిజం చెప్తున్నాడా లేదా అన్నదే చూస్తారు, కాబట్టి గుర్తులేని చోట గుర్తులేదు అని చెప్పడం కూడా ఆయన ముందే నేర్పిస్తారు.

విచారణ దాకా వెళ్ళేవి కొన్నే, చాలా కేసులు ఐఆర్‌ఎస్ అప్పీల్స్ ఆఫీసులోనే తెగిపోతాయి. అక్కడ అడిగేది ఎవరిది రైట్ అని కాదు, కోర్టుకి వెళ్తే ఎవరికి ఎంత రిస్కు అని. స్టిప్యులేషన్‌కి సరిపోయేంత గట్టి కాగితాలు మన దగ్గరుంటే ఆ సంభాషణే మారిపోతుంది. పెనాల్టీ ఉంటే దాన్ని ఐఆర్‌ఎస్‌లో సూపర్‌వైజర్ రాతపూర్వకంగా ఎప్పుడు ఒప్పుకున్నారో ఆ ఫారం తేదీ చూడండి, చట్టంలో 6751(బి) అనే చిన్న సెక్షన్, ఎన్నో పెనాల్టీలు దానివల్లే ఎగిరిపోయాయి.

సీనియర్లు ఎక్కడ దొరుకుతారు అని అడుగుతారు కదా. కోర్టులోనే. టాక్స్ కోర్టు సెషన్ మామూలుగా సోమవారం పొద్దున క్యాలెండర్ కాల్‌తో మొదలవుతుంది, కేసులు ఒక్కొక్కటే పిలుస్తారు, ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. లాయర్ లేకుండా వచ్చేవాళ్ళే అక్కడ ఎక్కువ, వాళ్ళకి సాయం చెయ్యడానికి చాలా నగరాల్లో బార్ అసోసియేషన్ల వాలంటీర్లు, లో ఇన్‌కమ్ టాక్స్‌పేయర్ క్లినిక్‌ల వాళ్ళు వస్తారు. ఆ క్లినిక్‌లు 1998 చట్టంతో వచ్చినవి, ఫెడరల్ పేదరిక పరిమితికి 250 శాతం లోపు ఆదాయం ఉన్నవాళ్ళ కేసులే ఎక్కువగా చూస్తాయి. నేను వాలంటీర్‌గా చేరింది కూడా అలాంటి చోటే. పెద్ద ఫర్మ్‌లో కొత్త లాయర్ ఏళ్ళ తరబడి రీసెర్చ్ మెమోలే రాస్తాడు, క్లినిక్‌లో అయితే సీనియర్ పర్యవేక్షణలో మనిషి ఎదురుగా కూర్చుని మొదటి వారమే కేసు పట్టుకుంటాం. తెలుగు, హిందీ వచ్చినవాళ్ళకి అక్కడ నిజంగా చాలా విలువ, ఐఆర్‌ఎస్ ఉత్తరం చూసి వణికిపోయే పెద్దవాళ్ళకి అమ్మా, ఇది అరెస్టు కాగితం కాదు అని మన భాషలో చెప్పడమే సగం పని.

సీఏ నుంచి వచ్చినవాళ్ళకి ఒక మాట. ఇండియాలో ఐటీఏటీ (ఇన్‌కమ్ టాక్స్ ట్రిబ్యునల్) ముందు సీఏలు నేరుగా వాదిస్తారు, బెంచిలో అకౌంటెంట్ మెంబర్ కూడా ఉంటారు. ఇక్కడ లాయర్ కాని సీపీఏ, ఎన్‌రోల్డ్ ఏజెంట్ టాక్స్ కోర్టులో నిలబడాలంటే కోర్టు పెట్టే రాత పరీక్ష పాసవ్వాలి, కనీసం రెండేళ్ళకోసారి పెడతారు, కోర్టు రూల్స్, ఎవిడెన్స్, టాక్స్, ఎథిక్స్ అన్నీ ఉంటాయి, చాలా కష్టమైంది. మీకు లెక్కలు కష్టం కాదు, ఎవిడెన్స్ రూల్స్ కష్టం, హియర్‌సే (ఇంకొకరు చెప్పగా విన్న మాటని సాక్ష్యంగా తేవడం) అంటే ఏంటో ఎవరైనా ట్రయల్ చేసిన మనిషి దగ్గర కూర్చుని నేర్చుకోండి.

టాక్స్ కోర్టు వెబ్‌సైట్లో ఏ నగరంలో ఎప్పుడు సెషనో ముందే పెడతారు, తీర్పులు కూడా డాసన్ అనే వాళ్ళ సిస్టంలో ఉచితంగా చదువుకోవచ్చు. మీకు దగ్గర్లో సెషన్ ఉంటే ఆ సోమవారం సెలవు పెట్టి వెళ్ళండి, వెళ్ళేముందు ఆ జడ్జి ఈ మధ్య ఇచ్చిన మెమో తీర్పులు రెండు చదివి వెళ్ళండి. బ్రేక్‌లో వాలంటీర్ టేబుల్ దగ్గర ఉన్న సీనియర్ల దగ్గరికెళ్ళి నన్ను మెంటర్ చెయ్యండి అని అడక్కండి, ఇందాక ఫలానా కేసులో ఆ ఎగ్జిబిట్‌కి ఎందుకు అభ్యంతరం చెప్పలేదు అని అడగండి, తర్వాత గంట సేపు వాళ్ళే మాట్లాడతారు. డల్లాస్‌లో ఉన్నవాళ్ళు వచ్చే ముందు నాకు మెసేజ్ పెట్టండి, ఆ టేబుల్ దగ్గర ఎవరెవరు ఉంటారో చెప్తాను.