నాన్నగారి పద్మిని, రెండు స్ప్రింగులు

ఈ ఆదివారం విజయవాడ ఆటోనగర్‌లో నాన్నగారి ప్రీమియర్ పద్మిని కారుకు ముందు చక్రాల దగ్గరి కాయిల్ స్ప్రింగులు రెండూ మార్పించాను. (అంబాసిడర్‌కు ముందువైపు ఉండేవి టోర్షన్ బార్లు (స్ప్రింగుకు బదులు మెలితిరిగే ఉక్కు కడ్డీలు) కనుక ఆ కారు ఉన్నవాళ్లకు ఈ బెడద లేదని మామయ్య రోజంతా దెప్పుతూనే ఉన్నారు.)

చక్రం ఊడదీసి బండిని పైకి లేపినా స్ప్రింగులోని బలం పూర్తిగా పోదనీ, చక్రాన్ని బండికి కలిపే కింది ఆర్మ్‌ను తొందరపడి విడదీస్తే అది ఎవరి పక్కటెముకలనైనా విరగ్గొట్టగలదనీ నాకు నిన్నటివరకు సరిగా తెలియదు. మేస్త్రిగారు వెనుక చక్రాలకు చెక్క దిమ్మెలు అడ్డుపెట్టి, బాడీ కింద గట్టి చోట స్టాండ్లు నిలిపి, కింది ఆర్మ్‌కు వేరే జాకీ ఆనించి, స్ప్రింగును నొక్కిపట్టే పనిముట్టైన కంప్రెసర్ కొక్కేలను ఎదురెదురు చుట్లకు తగిలించి, రెండు మరలనూ వంతులవారీగా కొద్దికొద్దిగా బిగించారు. ఆపైన స్ప్రింగును గొలుసుతో కూడా కట్టారు. నేను ఎదురుగా చతికిలబడబోతే, "దాని దారిలో కూర్చోకండి బాబూ, పక్కకు రండి" అన్నారు. ఆ తరువాత జాకీని దించడానికే పావుగంట పట్టింది.

ఎక్కించడం మరింత ఓపిక పని. చుట్టు కొస గాడిలో సరిగా కూర్చోక రెండుసార్లు మళ్లీ విప్పవలసి వచ్చింది. ఆర్మ్ కీలు దగ్గర ఉండే రబ్బరు బుష్షుల బోల్టులను మాత్రం బండి నేలమీద నిలిచాకే పూర్తిగా బిగించారు; గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుందట.

సాయంత్రం ప్రకాశం బ్యారేజీ దాటేటప్పుడు ముందుభాగం కాస్త ఎత్తుగా అనిపించింది. కొత్త స్ప్రింగులు కదా, కొంచెం సర్దుకోవాలి.