మందు రాయని డాక్టరు

మన మెడికల్ కాలేజీ బ్యాచ్ గ్రూపులో నా పేరు "మందు రాయని డాక్టరు". ఒప్పుకుంటాను. ఆఫ్రికాలో జరిగే వైద్య పరిశోధనల దరఖాస్తులు ఎథిక్స్ (మనుషుల మీద ఆ పరిశోధన చేయడం న్యాయమేనా) కోసం చదవడం, ఎలా చదవాలో అక్కడివాళ్లకి నేర్పడం, ఇదీ నా కొలువు.

మన సర్జరీ మాస్టారు గుర్తున్నారా? ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నట్టు ఫారం మీద వేలిముద్ర వేయించే ముందు "నీకేం చేయబోతున్నామో నువ్వే చెప్పమ్మా" అనేవారు. పేషెంటు చెప్పలేకపోతే తిట్లు మనకి. నేనిప్పుడు స్లైడ్లు పెట్టి చెప్పే పాఠంలో సగం అదే.

ఈ విద్య చదివింది దక్షిణాఫ్రికాలో, పీటర్‌మారిట్స్‌బర్గ్‌లో. (1860 నుంచి చెరకు తోటలకి వెళ్లిన మనవాళ్ల వారసులు ఆ చుట్టుపక్కల బోలెడుమంది. నాయుడు అక్కడ "నైడూ" అయ్యాడు.) వర్ణవివక్ష మీద పోరాడిన స్టీవ్ బికో 1977లో పోలీసు నిర్బంధంలో చనిపోయినప్పుడు డాక్టర్లు ఏం చేశారన్నది అక్కడ ప్రతి ఎథిక్స్ విద్యార్థికీ తెలుసు. తలకి దెబ్బ తగిలిన మనిషిని జీపులో వెయ్యి కిలోమీటర్లకు పైగా తీసుకెళ్తామంటే సరేనన్నారు.

కానో కేసు మాత్రం తీరిగ్గా చెబుతాను. 1996లో ఉత్తర నైజీరియాలో మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) విజృంభించింది. కానో అంటువ్యాధుల ఆస్పత్రిలో ఫైజర్ సుమారు 200 మంది పిల్లలతో ట్రోవాన్ అనే యాంటీబయాటిక్ ట్రయల్ నడిపింది. సగంమందికి కొత్త మందు, సగంమందికి అప్పటికే వాడుకలో ఉన్న సెఫ్ట్రియాక్సోన్. 11 మంది పోయారు, రెండు గుంపుల్లోనూ. మందా, జబ్బా అన్నది ఎడతెగని వాదన. నన్ను పట్టుకున్నది ఒక కాగితం: ఎథిక్స్ కమిటీ (పరిశోధన మొదలుకాకముందే దరఖాస్తు పరిశీలించే సంఘం) అనుమతి పత్రం. అది తర్వాతెప్పుడో రాసి పాత తేదీ వేసిందని బయటపడింది. అప్పటికి ఆ ఆస్పత్రిలో కమిటీయే లేదు! 2007లో గానీ నైజీరియాకి పరిశోధనల ఎథిక్స్ మీద జాతీయ నియమావళి రాలేదు.

ఇది చెప్పగానే ఎవరో ఒకరు లేచి "మరి మీ దేశంలో, సార్?" అంటారు. అప్పుడు ఖమ్మం చెప్పాలి. 2009లో హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకా అధ్యయనం, గిరిజన హాస్టళ్ల ఆడపిల్లలు, చాలా ఫారాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్ల సంతకాలు. 2010లో ఆపించారు, పార్లమెంటు సంఘం 2013లో ఉతికి ఆరేసింది. టీకా మంచిదే, మా అమ్మాయికీ వేయించాను. కానీ వార్డెన్ ఆ పిల్లకి అమ్మా, నాన్నా?

మీలో ట్రయల్స్ చేయిస్తున్నవాళ్లకి ఒక మాట. మన దేశపు 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఎథిక్స్ కమిటీలో వైద్యంతో సంబంధంలేని మామూలు మనిషి ఒకరుండాలి. ఆ కుర్చీలో సూపరింటెండెంటుగారి బావమరిదిని కూర్చోబెట్టకండి. ఊళ్లో రిటైరైన టీచరమ్మని పిలవండి. మన ఫారం చదివి "ఇదేం తెలుగు బాబూ?" అని అడిగేది ఆవిడే.